జనాన్ని కూడగట్టే పని నేర్చుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఇంచుమించు అందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు, కొందరు మొదటి వారంలో, కొందరు మొదటి దెబ్బ తిన్నాక. ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్తూ వచ్చా, ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పడం మర్చిపోతున్నా, అందుకే ఒకచోట రాసిపెడదామని కూర్చున్నా. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఏదో నేరుగా దానికే వెళ్ళండి.

## అడుగు పెట్టే ముందు

ఆర్గనైజర్ అంటే లీడరా, యాక్టివిస్టా, సోషల్ వర్కరా? తేడా ఏంటండీ?

ఒక వీధికి నీళ్ళు రావట్లేదు అనుకోండి. సోషల్ వర్కర్ ట్యాంకర్ తెప్పిస్తారు. యాక్టివిస్ట్ ఆఫీసు ముందు ప్లకార్డు పట్టుకుని నిలబడతారు. పలుకుబడి ఉన్న లీడర్ తెలిసిన అధికారికి ఫోన్ చేసి పని చేయిస్తారు. ఆర్గనైజర్ ఏం చేస్తారంటే ఆ వీధిలో గడప గడపకీ వెళ్ళి, ఎవరికి ఎంత కోపం ఉందో విని, వాళ్ళలో పదిమందిని కలిపి కూర్చోబెట్టి, ఆ ఆఫీసుకి వాళ్ళే వెళ్ళి వాళ్ళే మాట్లాడేలా తయారుచేస్తారు, మరుసటి ఏడాది రోడ్డు సమస్య వస్తే ఈ మనిషి ఊళ్ళో లేకపోయినా వాళ్ళంతట వాళ్ళే కదులుతారు. నాలుగు పనులూ కావాలి, దేన్నీ తక్కువ చేయట్లేదు. నా మొదటి ఏడాది మొత్తం నేను నాలుగోది చేస్తున్నా అనుకుని మూడోది చేశా. వినతిపత్రం నేనే రాశా, ఆఫీసుకి నేనే వెళ్ళా, పనులు కూడా అయ్యాయి. ఇంట్లో అవసరం పడి రెండు నెలలు పక్కకి తప్పుకుంటే తిరిగొచ్చేసరికి గ్రూపే లేదు. ఆ రెండు నెలలు నాకు నేర్పింది ఇంకెక్కడా నేర్చుకోలేదు.

మైకు పట్టుకుంటే చేతులు వణుకుతాయి, నేను ఈ పనికి పనికొస్తానా?

వస్తారు. ఈ పనిలో మాట్లాడటం కంటే వినడం ఎక్కువ. అమెరికాలో ఎల్లా బేకర్ అని ఒకావిడ ఉండేవారు, నల్లజాతి వాళ్ళ హక్కుల కోసం దశాబ్దాలు పనిచేశారు, బయట ఆమె ముఖం గుర్తుపట్టేవాళ్ళు తక్కువ. 1960లో విద్యార్థులు తెల్లవాళ్ళకి మాత్రమే అని పెట్టిన హోటల్ కౌంటర్ల దగ్గర కూర్చుని నిరసన మొదలుపెడితే, ఆ ఏప్రిల్‌లో రాలీలోని షా యూనివర్సిటీలో వాళ్ళందరినీ ఒకచోటికి పిలిచింది ఆవిడే. పెద్ద సంస్థలు ఆ పిల్లల్ని తమ యువజన విభాగంగా కలుపుకోవాలని చూశాయి. వాళ్ళ సంఘం వాళ్ళే పెట్టుకుని వాళ్ళే నిర్ణయాలు తీసుకోవాలని గట్టిగా నిలబడ్డది కూడా ఆవిడే. అలా పుట్టిన సంఘం తర్వాత ఓటు హక్కు కోసం ప్రాణాలకి తెగించి పనిచేసింది. పెద్ద ఉపన్యాసంతో అయిన పని కాదిది, పిల్లలు మాట్లాడుతుంటే ఓపిగ్గా కూర్చుని విన్న మనిషి చేసిన పని. చేతులు వణికినా ఫర్వాలేదు, ఎదుటి మనిషి చెప్పేది పూర్తయ్యేదాకా ఆగగలరా అనేదే చూసుకోండి.

దీనికి కోర్సు ఉంటుందా? పుస్తకాలు చదివితే వస్తుందా?

కోర్సులున్నాయి, మంచివే, కానీ ఈత పుస్తకం చదివి ఈదడం రానట్టే ఇదీ. శిక్షణకి విలువ లేదని మాత్రం అనను. టెనెసీలో 1932లో హైలాండర్ అనే బడి పెట్టారు, అక్కడ ఉపన్యాసాల కంటే వచ్చినవాళ్ళు తమ ఊరి సమస్యని తామే బల్ల మీద పెట్టుకుని విప్పుకోవడం ఎక్కువ. రోసా పార్క్స్ అనే నల్లజాతి ఆవిడ 1955 ఎండాకాలంలో అక్కడ శిక్షణకి వెళ్ళారు, అదే ఏడాది డిసెంబర్‌లో బస్సులో తెల్లవాళ్ళకి సీటు ఇవ్వనన్నారు. ఏదో అలసిపోయి లేవలేదు అని చెప్పే కథ తప్పు, ఆవిడ అప్పటికే ఏళ్ళ తరబడి హక్కుల సంఘంలో సెక్రటరీగా పనిచేస్తున్న మనిషి. మీకు నా సలహా, ఇప్పటికే పనిచేస్తున్న ఒక సంఘంలో చేరి ఆరు నెలలు ఒక అనుభవం ఉన్న ఆర్గనైజర్ వెనకాల తిరగండి. వాళ్ళు ఇంటింటికీ వెళ్ళేటప్పుడు పక్కనే ఉండండి, బయటికి వచ్చాక ఆ మాట ఎందుకన్నారు, అక్కడ ఎందుకు ఆగారు అని అడగండి. శిక్షణ తరగతికి ఆ తర్వాత వెళ్తే అక్కడ చెప్పేది ఒంటబడుతుంది.

ఆ సమస్య నాది కాదు, నేను బయటివాణ్ణి. వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, కానీ పరిష్కారం జేబులో పెట్టుకుని వెళ్ళకండి. 1987లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్, ఆయన కుటుంబం రాజస్థాన్‌లోని దేవ్‌డుంగ్రీ అనే పల్లెలో చిన్న మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. సంఘం పెట్టింది మాత్రం 1990 మే 1న, అంటే దాదాపు మూడేళ్ళు అక్కడ బతకడం, వినడం, చిన్న చిన్న తగాదాల్లో జనం పక్కన నిలబడటంతోనే గడిచింది. తర్వాత సమాచార హక్కు పోరాటంతో పేరొచ్చింది కానీ వాళ్ళు దాని గురించి అనుకుని వెళ్ళలేదు, కరువు పనుల్లో కనీస కూలీ ఇవ్వట్లేదని కూలీలు మొత్తుకుంటే, మీరు అంత పని చేయలేదు రికార్డులో అలాగే ఉంది అని అధికారులంటే, అయితే ఆ రికార్డు చూపించండి అన్న మాట అక్కడి జనం నుంచే వచ్చింది. బయటినుంచి వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, ఏదైనా తేడా వస్తే మీరు తిరిగి వెళ్ళిపోగలరు, వాళ్ళు వెళ్ళలేరు. అందుకే రిస్కు ఎంత తీసుకోవాలో వాళ్ళే తేల్చుకోవాలి.

ఉద్యోగం చేసుకుంటూ వీలవుతుందా?

వారానికి ఐదారు గంటలు ఖాయంగా ఇవ్వగలిగితే అవుతుంది. ఖాయంగా అన్నది ముఖ్యం, ఒక వారం ఇరవై గంటలు చేసి మూడు వారాలు కనపడకుండా పోతే మిమ్మల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

## మొదటి మనుషులు

నాకు అక్కడ ఎవరూ తెలీదు, ఎవరితో మొదలుపెట్టాలి?

తెలిసిన ఒక్కరితో. ఆ ఒక్కరితో మాట్లాడి లేచే ముందు, ఈ విషయంలో మీలాగే బాధపడుతున్న ఇంకో ఇద్దరి పేర్లు చెప్పండి, మీ పేరు చెప్పి కలవచ్చా అని అడగండి. ఫ్రెడ్ రాస్ అనే ఆర్గనైజర్ కాలిఫోర్నియాలో ఈ పద్ధతినే ఇంటి మీటింగులుగా మార్చారు, ఒకరి ఇంట్లో కొద్దిమంది బంధువులు, ఇరుగుపొరుగు కూర్చుంటారు, ఆ వచ్చినవాళ్ళలో ఒకరు తన ఇంట్లో తర్వాతి మీటింగ్ పెడతారు. 1952లో సాన్ హోసేలో ఆయన ఇలా తిరుగుతూనే సీజర్ చావెజ్ అనే యువకుణ్ణి కలిశారు. మొదట్లో చావెజ్ ఆయన్ని నమ్మలేదు. తర్వాత పొలం కూలీల సంఘాన్ని నిలబెట్టింది ఆ చావెజే.

మనిషిని కలిసినప్పుడు ఏం మాట్లాడాలి? ప్రశ్నల లిస్టు ఇవ్వండి.

లిస్టు పట్టుకుని వెళ్తే సర్వేకి వచ్చినవాళ్ళలా కనిపిస్తారు, అది వద్దు. నేను ఏం చేస్తానో చెప్తా.

ముందు నేనెవరో, ఎందుకొచ్చానో రెండు ముక్కల్లో నిజం చెప్తా, అటూ ఇటూ తిప్పను. తర్వాత వాళ్ళ గురించి అడుగుతా, ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు, రోజు ఎలా గడుస్తుంది, దేనికి ఎక్కువ చిరాకు వస్తుంది. సమస్య పేరు నేను ముందు ఎత్తను, ఎత్తితే వాళ్ళు మర్యాదకి తల ఊపుతారు, నాకు ఏమీ తెలీదు. వాళ్ళే ఒకటి చెప్పాక, అది జరిగిన రోజు సంగతి చెప్పండి అంటా. ఇదే అసలు మలుపు. ఆస్పత్రిలో పట్టించుకోరండీ అన్నది అభిప్రాయం, మా అమ్మని తీసుకెళ్ళి నాలుగు గంటలు బయట బెంచీ మీద కూర్చోబెట్టాం అన్నది అనుభవం, మనిషి కదిలేది అనుభవం దగ్గరే. అప్పుడు మీరేం చేశారు అని అడుగుతా. ఏమీ చేయలేకపోయాం అంటారు చాలామంది, ఆ మాట అన్నాక కాసేపు ఊరుకోవాలి, వెంటనే ఓదార్చేసి మాట మార్చేయకూడదు. ఇదే బాధ పక్కింట్లో కూడా ఉంది, ఇంకా ఫలానా చోట ముగ్గురు చెప్పారు, అందరం ఒకసారి కూర్చుంటే ఏమవుతుందంటారు అని అడిగేది ఆ తర్వాతే.

నూటికి డెబ్బై వంతులు వాళ్ళు మాట్లాడాలి, ముప్పై వంతులు మీరు. బయటికి రాగానే పేరు, వాళ్ళని కదిలించిన విషయం, వాళ్ళు చేస్తానన్న పని నోట్‌బుక్‌లో రాసుకోండి, సాయంత్రం రాద్దాంలే అనుకుంటే నలుగురి మాటలూ కలగలిసిపోతాయి. ఒక మనిషికి ముప్పావు గంట పడుతుంది, వారానికి ఐదుగురు, రెండు నెలల్లో నలభై మంది అవుతారు. ఈ నలభై సంభాషణలకి అడ్డదారి నాకు ఇంతవరకు కనిపించలేదు.

అందరూ వస్తామంటారు, మీటింగ్ రోజు ఎవరూ రారు. ఏం తప్పు చేస్తున్నా?

బహుశా మీరు సరిగ్గా అడగట్లేదు. వీలుంటే రండి అనడం అడగడం కాదు, అవతలివాళ్ళకి తప్పించుకునే దారి చూపించడం. బుధవారం సాయంత్రం ఆరింటికి వస్తున్నారా అని అడిగి నోరు మూసుకోవాలి, అవును కాదు అని స్పష్టంగా వచ్చేదాకా. చూస్తా అంటే దాన్ని కాదు కింద రాసుకోండి. అవునన్నవాళ్ళకి చిన్న పని ఇవ్వండి, మీ పక్కింటి ఆవిడని మీరే తీసుకురండి, కుర్చీలు మీరు చూసుకోండి అని. పని ఉన్న మనిషి వస్తాడు, పని లేని మనిషికి ఆ టైముకి ఇంట్లో ఏదో ఒకటి తగులుతుంది. ముందు రోజు ఒక ఫోన్, ఆ రోజు పొద్దున ఇంకో ఫోన్. ఇంత చేసినా అవునన్నవాళ్ళలో సగం మందే వస్తారని లెక్క వేసుకోండి, ఇరవై మంది కావాలంటే నలభై అవునులు పోగేయాలి. రానివాళ్ళని నిలదీయకుండా, కోపం లేకుండా మర్నాడే కలవండి, వాళ్ళు ఎందుకు రాలేదో అన్నదాంట్లోనే తర్వాతి మీటింగ్ ఎప్పుడు ఎక్కడ పెట్టాలో దొరుకుతుంది.

గట్టిగా మాట్లాడే ఒకాయన ముందుకొస్తున్నాడు, ఆయన్నే లీడర్ని చేయాలా?

కంగారుపడకండి. గొంతు ఉన్నంత మాత్రాన వెనక జనం ఉన్నారని కాదు. కార్మిక సంఘాల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన జేన్ మెకలెవీ ఈ విషయం మీద చాలా పట్టుబట్టేవారు, మీటింగుల్లో ఎక్కువ కనిపించేవాళ్ళ వెంట పడకండి, తోటివాళ్ళు నమ్మేవాళ్ళని వెతకండి అని. ఎలా వెతకాలంటే, పది మందిని విడివిడిగా అడగండి, మీకు అర్థంకాని కాగితం వస్తే ఎవరి దగ్గరికి తీసుకెళ్తారు, గొడవైతే ఎవరి మాట వింటారు అని. ఒకే పేరు నాలుగైదుసార్లు వస్తుంది. ఆ మనిషి బహుశా మీ మీటింగ్‌కి ఒక్కసారి కూడా వచ్చి ఉండరు, మీ మీద అనుమానం కూడా ఉండొచ్చు. అయినా సరే ఆ గడప తొక్కాల్సిందే. గట్టిగా మాట్లాడే ఆయనకి మైకు పని ఇవ్వండి, అదీ అవసరమే. లేదా చిన్న పరీక్ష పెట్టండి, ఈ వినతిపత్రం మీద మీ వైపు నుంచి పదిహేను సంతకాలు శనివారంలోగా తీసుకురండి అని ఇద్దరికీ ఇవ్వండి, తెచ్చిన కాగితాలే చెప్తాయి.

## ఏ సమస్య, ఏ డిమాండ్

మా దగ్గర సమస్యలు వంద ఉన్నాయి, ఏది ముందు పట్టుకోవాలి?

పెద్దది కాదు, ఎక్కువమందికి ఒంటికి తగిలేది, తేలిగ్గా అర్థమయ్యేది, జనం తమ చేతులతో ఏదో ఒకటి చేయడానికి వీలున్నది. 1930లో గాంధీ ఉప్పు పన్ను పట్టుకుంటే ఆయన పక్కనున్న నాయకుల్లోనే కొందరికి అది మరీ చిన్న విషయంలా అనిపించింది. కానీ ఉప్పు ప్రతి ఇంటికీ కావాలి, ఏ మతమైనా ఏ కులమైనా, పేదవాళ్ళకి ఆ పన్ను ఎక్కువ తగులుతుంది, పైగా సముద్రం ఒడ్డున ఎవరైనా గుప్పెడు ఉప్పు తీసి చట్టాన్ని ధిక్కరించొచ్చు, దానికి చదువు అక్కర్లేదు డబ్బు అక్కర్లేదు. మార్చి 12న సబర్మతి నుంచి ఆయనతో బయల్దేరింది 78 మంది, దాదాపు 385 కిలోమీటర్లు నడిచి ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీసేసరికి దేశమంతా కదిలింది. 24 రోజుల నడక కూడా ఊరికే పెట్టలేదు, దారిలో ప్రతి ఊళ్ళో సభ, రోజూ వార్త. మీ వందలోంచి కూడా మూడు నాలుగు నెలల్లో గెలిచే వీలున్నది ఒకటి ముందు పట్టుకోండి, ఎప్పుడూ గెలవని జనానికి గెలుపు రుచి తెలియాలి.

డిమాండ్ ఎలా రాయాలి?

ఎవరు, ఏం, ఎప్పటికి, ఈ మూడూ ఉండాలి. అవినీతి పోవాలి అన్నది కోరిక. ఫలానా అధికారి ఫలానా పని కూలీల హాజరు పట్టికల కాపీలు ఈ నెలాఖరులోగా ఇవ్వాలి అన్నది డిమాండ్. చదవగానే, ఇచ్చారా లేదా అని చిన్నపిల్లాడైనా చెప్పగలగాలి. ఇంకోటి, అధికారి అవును అంటే ఆ కాగితం మీద సంతకం పెట్టే అధికారం ఆ మనిషికి నిజంగా ఉందో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే నెలలు వృథా.

వ్యవస్థ, ప్రభుత్వం, సమాజం మారాలి కదా, ఒక్క మనిషిని టార్గెట్ చేయడం ఏం న్యాయం?

వ్యవస్థ ఫోన్ ఎత్తదు, దానికి అపాయింట్‌మెంట్ ఉండదు. నిర్ణయం ఎప్పుడూ ఒక కుర్చీలో ఉన్న మనిషే తీసుకుంటారు. ఆ మనిషిని తిట్టడానికి చెప్పట్లేదు, ఆయన మీద ఎవరి ఒత్తిడి పనిచేస్తుంది, ఎవరి మాట ఆయన కాదనలేరు, ఆయనకి దేంతో ఇబ్బంది అని తెలుసుకోవడానికి. పెద్ద కాగితం మీద ఆ మనిషిని మధ్యలో రాసి, చుట్టూ ఆయన మాట వినేవాళ్ళు, ఆయన వినాల్సినవాళ్ళు, వీళ్ళలో మనవైపు ఎవరు, అటూ ఇటూ కానివాళ్ళు ఎవరు అని మీ కమిటీ వాళ్ళతోనే గీయించండి. నేను ఎన్నిసార్లు చేయించినా, మా చెల్లెలి తోటికోడలు అక్కడే పనిచేస్తుందండీ లాంటి మాట ఎవరో ఒకరు అంటారు, ఏ పరిశోధనలోనూ అది దొరకదు. మీ శ్రమంతా ఎదురు నిలిచినవాళ్ళ మీద పెట్టకండి, అటూ ఇటూ కానివాళ్ళని ఒక్క మెట్టు మనవైపు జరపండి.

మేము ఎవరి దగ్గరా జీతానికి పనిచేయం, మాకు సంఘం ఎలా కుదురుతుంది?

ఇదే అభ్యంతరం 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ అనే ఆవిడ సేవా అనే ఆడ కూలీల సంఘాన్ని రిజిస్టర్ చేయడానికి వెళ్ళినప్పుడు అధికారులు పెట్టారు. తలమీద బరువులు మోసేవాళ్ళు, వీధిలో అమ్ముకునేవాళ్ళు, ఇంట్లో కుట్టేవాళ్ళు, వీళ్ళకి యజమాని లేడు కదా, ఎవరి మీద పోరాడతారు అన్నారు. సంఘం ఉండేది యజమాని మీద యుద్ధానికి మాత్రమే కాదు, పనిచేసేవాళ్ళు ఒకటవడానికి అని వీళ్ళు వాదించి నెగ్గారు. రెండేళ్ళకే, 1974లో, సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు.

## మీటింగులు, డబ్బు, రోజువారీ పని

మా మీటింగులు రెండున్నర గంటలు సాగుతాయి, ఏమీ తేలదు.

గంటన్నర దాటనివ్వకండి, చెప్పిన టైముకి మొదలుపెట్టి చెప్పిన టైముకి ఆపండి, వచ్చింది ఐదుగురైనా సరే. ఈ రోజు ఏ నిర్ణయం తీసుకోవాలో మొదట్లోనే బోర్డు మీద రాయండి. చివరి పది నిమిషాలు ఎవరు ఏ పని ఎప్పటికి అని పేర్లతో చదివి వినిపించండి. మీటింగ్ నడిపేది ప్రతిసారీ వేరే మనిషి, ముందు రోజు మీరు వాళ్ళతో గంట కూర్చుని సాయం చేయండి, మీటింగ్‌లో మాత్రం వెనక వరసలో ఉండండి. వాళ్ళు తడబడుతుంటే మీకు లేచి అందుకోవాలనిపిస్తుంది. కూర్చునే ఉండండి.

వాట్సాప్ గ్రూప్‌లో 400 మంది ఉన్నారు, అది చాలదా?

టైము, చోటు చెప్పడానికి చాలు. మనిషికి మనిషి మీద నమ్మకం పుట్టించడానికి చాలదు, వాదన మొదలైతే మాత్రం ఉన్న నమ్మకాన్ని ఒక్క రాత్రిలో చెరిపేస్తుంది. తగాదా కనిపించగానే ఆ ఇద్దరికీ ఫోన్ చేయండి, గ్రూప్‌లో తీర్పు చెప్పకండి. 400 మందిలో పేరు పెట్టి అడిగితే పని చేసేవాళ్ళు ఎంతమందో రాసి చూసుకోండి, మీ బలం ఆ సంఖ్యే.

ఆడవాళ్ళు మీటింగ్‌కి వస్తారు కానీ నోరు విప్పరు, ఏం చేయాలి?

వాళ్ళకి చెప్పాల్సింది లేక కాదు, ఆ చోటు వాళ్ళది అనిపించక. టైము ఎవరికి అనుకూలంగా పెట్టారు, పిల్లల్ని ఎవరు చూస్తున్నారు, చీకటి పడ్డాక ఇంటికి ఎవరు దింపుతారు, ముందు వరసలో ఎవరు కూర్చుంటున్నారు, ఇవి చూడండి ముందు. విడిగా, చిన్నగా, ఆడవాళ్ళే ఉండే మీటింగులు పెట్టండి, అక్కడ తేలిన మాటని పెద్ద మీటింగ్‌లో వాళ్ళలో ఒకరే చెప్పాలి, మీరు వాళ్ళ తరఫున చెప్పకూడదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులు ఆడవాళ్ళకి సరిగ్గా ఇలాంటి చోటు అయ్యాయి. రాత్రిపూట అక్షరాలు దిద్దడానికి కూర్చున్నవాళ్ళు వాచకంలో సారా గురించి, ఆడవాళ్ళు ఏకమైతే ఏం చేయొచ్చో దాని గురించి పాఠం చదివి తమ ఇళ్ళల్లో జరిగేది ఒకరికొకరు చెప్పుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్నవాళ్ళు సారా దుకాణం మూయించారు, 1992కల్లా అది ఊరి నుంచి ఊరికి పాకి సారా వేలంపాటలు జరగనివ్వని స్థాయికి వెళ్ళింది. ఆ ఆడవాళ్ళని అంతకుముందు ఏ సభలో కూర్చోబెట్టినా మౌనంగానే ఉండేవాళ్ళేమో.

డబ్బు ఎక్కడ్నించి తేవాలి? ఏదైనా ఫండ్ వస్తే తీసుకోవచ్చా?

ముందు సభ్యుల చందా, తక్కువైనా సరే. కాలిఫోర్నియా పొలం కూలీల సంఘం 1962లో మొదలైనప్పుడు చాలా పేద కుటుంబాల దగ్గర కూడా నెలకి మూడున్నర డాలర్లు తీసుకునేవాళ్ళు, అది వాళ్ళకి చిన్న మొత్తం కాదు. డబ్బు కట్టిన మనిషి లెక్క అడుగుతాడు, లెక్క అడిగే మనిషి సంఘం నాది అనుకుంటాడు. బయటి ఫండ్ తీసుకోవచ్చు, కానీ అది రేపు ఆగిపోతే ఆఫీసు అద్దె కట్టగలమా, ఆ ఇచ్చినవాళ్ళకి నచ్చని పని చేయగలమా అని కమిటీలో పైకి చర్చించండి. లెక్కలు ప్రతి నెలా గోడ మీద అంటించండి. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర, ఆ ఇద్దరూ బంధువులు కాకూడదు. నేను చూసిన చీలికల్లో ఎక్కువ భాగం దొంగతనం వల్ల కాదు, లెక్క చెప్పకపోవడం వల్ల పుట్టిన అనుమానం వల్ల.

## ఒత్తిడి, చర్చలు

ధర్నా ఎప్పుడు చేయాలి? మావాళ్ళు రేపే అంటున్నారు.

రేపు వస్తామన్న వందమంది పేర్లు మీ దగ్గర రాసి ఉంటే చేయండి, ఆశ మీద చేయకండి. ముందు చిన్న పరీక్షలు, సంతకాలు ఎంతమంది పెట్టారు, ఒకే రోజు నల్ల బ్యాడ్జీ ఎంతమంది పెట్టుకున్నారు, ప్రతినిధులతో ఆఫీసుకి ఎంతమంది నడిచారు. సంఖ్య పెరుగుతుంటే పై మెట్టు, తగ్గుతుంటే మళ్ళీ ఇంటింటికీ.

అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లజాతి వాళ్ళు బస్సులెక్కడం మానేసి చేసిన బహిష్కరణని చాలామంది ఒక్క రాత్రిలో పుట్టిందనుకుంటారు. అక్కడి మహిళల రాజకీయ మండలి 1954 మే నెలలోనే మేయర్‌కి ఉత్తరం రాసింది, బహిష్కరణ చేయాలన్న మాట నడుస్తోందని హెచ్చరించింది. 1955 మార్చిలో క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ళ అమ్మాయిని సీటు విషయంలోనే అరెస్టు చేశారు. డిసెంబర్ 1న రోసా పార్క్స్ అరెస్టయితే ఆ రాత్రే జో ఆన్ రాబిన్సన్ వేలకొద్దీ కరపత్రాలు తీయగలిగారంటే, పంచే మనుషులు ఎవరో ముందే తెలుసు కాబట్టి. పిలుపు కూడా మొదట ఒక్క రోజుకే, డిసెంబర్ 5కే. ఆ రోజు బస్సులు ఖాళీగా తిరిగాయని కళ్ళారా చూశాక సాయంత్రం సభలో జనమే కొనసాగిద్దామన్నారు. తర్వాత 381 రోజులు నడవగలిగింది కార్ల ఏర్పాటు వల్ల, ఎవరు ఎవర్ని ఎక్కడ ఎక్కించుకోవాలో రోజూ కూర్చుని రాసినవాళ్ళ వల్ల. మరోపక్క కోర్టులో కేసు వేసి గెలిచారు. వీధి, కోర్టు రెండూ కలిసి నడిచాయి.

శాంతియుతంగా అంటే బలహీనం అనుకుంటారేమో?

ఎరికా చెనోవెత్, మరియా స్టెఫాన్ అనే ఇద్దరు పరిశోధకులు 1900 నుంచి 2006 దాకా జరిగిన 323 పెద్ద పోరాటాల్ని పోల్చి చూశారు, అహింసాయుతమైనవి 53 శాతం గెలిస్తే ఆయుధాలు పట్టినవి 26 శాతం గెలిచాయి. కారణం కూడా అర్థమయ్యేదే, అహింస అయితే ముసలివాళ్ళు, తల్లులు, ఉద్యోగస్తులు అందరూ రాగలరు, జనం పెరిగేకొద్దీ అవతలి పక్షంలోనే కొందరు మెత్తబడతారు. ఈ లెక్క ప్రభుత్వాల్ని దించడం, స్వాతంత్ర్యం లాంటి పెద్ద పోరాటాలది, మీ వీధి సమస్యకి ఆ శాతాలు అలాగే అన్వయించకండి, కారణం మాత్రం చిన్నదానికీ వర్తిస్తుంది.

కేసులంటే భయంగా ఉంది.

భయం ఉండటం సబబే, దాన్ని పిరికితనం అని ఎవర్నీ అనకండి. కార్యక్రమానికి ముందే లాయర్‌తో మాట్లాడండి, ఏ అనుమతి కావాలో కనుక్కోండి, అరెస్టు అయితే ఇంటికి ఎవరు ఫోన్ చేస్తారు, పిల్లల్ని ఎవరు చూస్తారు, బెయిల్ డబ్బు ఎక్కడిది అని రాసిపెట్టుకోండి. రిస్కు లేని పనులు కూడా ఉండాలి, వంట, ఫోన్లు, లెక్కలు. అన్నీ చెప్పాకే ఎవరు ముందుంటారో ఎవరికి వాళ్ళు చెప్పాలి.

చర్చలకి పిలిచారు, ఎవరు వెళ్ళాలి?

ఒక్కరు వెళ్ళకండి, మీరొక్కరు అసలే వెళ్ళకండి. బాధ పడ్డవాళ్ళు ముగ్గురు నలుగురు, ఎవరు మొదలుపెట్టాలి ఎవరు కాగితాలు చూపాలి ఎవరు రాసుకోవాలి అని పంచుకుని, ముందు రోజు ఒకరు అధికారిలా కూర్చుని రిహార్సల్ చేసుకుని వెళ్ళండి. ఎంతకి తగ్గొచ్చో, దేనికి తగ్గకూడదో బయట జనంతో ముందే తేల్చుకోండి. లోపల కొత్త ప్రతిపాదన పెడితే బయట మావాళ్ళతో మాట్లాడి చెప్తాం అని లేచి రండి. మాట ఇస్తే తేదీతో కాగితం మీద తీసుకోండి.

## దెబ్బలు, గెలుపులు, అలసట

ఓడిపోయాం. జనానికి ముఖం ఎలా చూపించాలి?

మూడు రోజుల్లోపే చూపించండి, ఆలస్యమైతే పుకార్లు మీ బదులు వివరణ ఇస్తాయి. ఏం అనుకున్నాం, ఏం జరిగింది, ఎక్కడ తప్పింది, గుండ్రంగా కూర్చుని అందరూ చెప్పాలి, తప్పు మీదైతే మీరే ముందు చెప్పండి. 1961, 62ల్లో జార్జియాలోని ఆల్బనీలో మార్టిన్ లూథర్ కింగ్, ఆయనతో ఉన్నవాళ్ళు వందలమంది జైలుకి వెళ్ళి కూడా దాదాపు ఏమీ సాధించలేదు. అన్ని రకాల వివక్ష మీద ఒకేసారి పోవడం పొరపాటైందని, ఒకదాని మీద దృష్టి పెట్టి ఉండాల్సిందని ఆయనే తర్వాత అన్నారు. 1963లో బర్మింగ్‌హామ్‌లో ఆ పాఠం వాడారు, పట్నం మధ్యలోని దుకాణాల మీద, జనం ఎక్కువ కొనే ఈస్టర్ సీజన్‌లో. ఆల్బనీ గురించి దాచిపెట్టుకుని ఉంటే బర్మింగ్‌హామ్ అలా జరిగేది కాదు.

కమిటీలో ఇద్దరు పెద్దవాళ్ళకి పడట్లేదు, గ్రూప్ చీలేలా ఉంది.

ఇద్దరితో విడివిడిగా కూర్చోండి. పద్ధతి మీద తగాదానా, గుర్తింపు మీదా అని చూడండి. పద్ధతి అయితే కమిటీ ముందు పెట్టి తేల్చొచ్చు. గుర్తింపు అయితే చాలాసార్లు వాళ్ళు చేసిన పనికి ఎవరూ పేరు పెట్టి థ్యాంక్స్ చెప్పి ఉండరు, అది సరిచేస్తే సగం చల్లబడుతుంది. నేను ఒకసారి ఒక పక్షం తీసుకున్నా, ఆ పక్షమే సరైనది కూడా, అయినా నా మీద రెండో పక్షానికి ఉన్న నమ్మకం మళ్ళీ రాలేదు.

గెలిచాం, తర్వాత మీటింగ్‌కి ఎవరూ రావట్లేదు.

ముందు పండగ చేసుకోండి, పని చేసినవాళ్ళ పేర్లు పైకి చదవండి, ఎవరో దయతలచి ఇచ్చారన్న మాట వినిపిస్తే సరిదిద్దండి. తర్వాత కాపలా కమిటీ వేయండి, ఎందుకంటే గెలిచింది నిలబడుతుందని గ్యారంటీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళు పోరాడి 1993 అక్టోబర్‌లో సారా నిషేధం తెచ్చారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది, 1997లో దాన్ని సడలించేశారు. ఆ ఆడవాళ్ళ తప్పు అనట్లేదు, ఖజానా ఆదాయం లాంటి పెద్ద శక్తులు అటువైపు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, మనవైపు కూడా ఎవరో ఒకరు లేచి ఉండాలి. కాపలా పని నీరసంగా ఉంటుంది కాబట్టి దానితోపాటు కొత్త చిన్న సమస్య ఒకటి చేపట్టండి, దాన్ని మొదటిసారి వెనక నిలబడ్డవాళ్ళకి అప్పగించండి.

ఎంత కాలం పడుతుంది ఫలితం రావడానికి?

రోడ్డు గుంతకి నెలలు. కాలిఫోర్నియా ద్రాక్ష తోటల్లో 1965 సెప్టెంబర్‌లో ఫిలిపినో కూలీలు సమ్మె మొదలుపెట్టి, కొన్ని రోజులకే చావెజ్ సంఘం కలిస్తే, అక్కడి డెలానో ఊళ్ళోని పెద్ద తోటల యజమానులు ఒప్పందం మీద సంతకం పెట్టింది 1970లో. దానికి ముందు మూడేళ్ళు ఇంటింటికీ తిరిగిన కాలం ఎవరూ లెక్కలో వేయరు, నేను వేస్తాను.

అలిసిపోయాను. మానేస్తే మోసం చేసినట్టా?

కాదు. చెప్పకుండా మాయమైతే ఇబ్బంది, చెప్పి అప్పగించి వెళ్తే కాదు. నెల రోజులు సెలవని కమిటీకి చెప్పండి, ఫోన్ నంబర్లు, తేదీలు, సగంలో ఉన్న పనులు ఒక కాగితం మీద రాసి ఇద్దరికి ఇవ్వండి. నిద్ర పోండి, ఇంట్లోవాళ్ళతో ఉండండి. మీరు లేని నెలలో ఏది ఆగిపోయిందో రాసుకోమని చెప్పండి, తిరిగొచ్చాక ముందు ఎవరికి ఏం నేర్పాలో ఆ లిస్టులో ఉంటుంది.

నేను ఎదుగుతున్నానో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఆరు నెలలకోసారి నోట్‌బుక్‌లో ఒక పేజీ తీసి, నేను లేకుండా మీటింగ్ నడిపినవాళ్ళు, నేను చెప్పకుండానే ఇంకొకర్ని తీసుకొచ్చినవాళ్ళు, నా ఆలోచనని కాదని వాదించి నెగ్గినవాళ్ళు, ఈ మూడు రకాల పేర్లు రాస్తా. మొదటిసారి రాసినప్పుడు ఆ పేజీలో రెండే పేర్లున్నాయి, మూడో రకంలో ఎవరూ లేరు. ఈ మధ్య రాసినప్పుడు పేజీ వెనక్కి తిప్పాల్సొచ్చింది, వాదించి నెగ్గినవాళ్ళలో మొదటి పేరు మొదటి ఏడాదంతా వెనక వరసలో కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడని అమ్మాయిది.